మెట్టుకీ ఓ గుమ్మం ఉంది!

కళ్ళు లేవు, ముక్కు లేదు, కాళ్ళూ చేతులూ అసలే లేవు. ఉన్నదల్లా ఒక్కొక్కరికి ఒక్కో రంగు, ఒక్కో ఎత్తు. అయినా ఆ రంగు ముక్కలు ఎంతోమంది చేత ‘అయ్యో పాపం’ అనిపించాయి. ఓ యువకుడు ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో తయారుచేసిన వీడియో గేమ్ కథ ఇది. ‘ఆటల గొడవ మనకెందుకులే’ అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో మనింటి సంగతులు చాలా ఉన్నాయి!

సాయంత్రంపూట మీరు వంటింట్లో తాలింపు వేస్తూ ఉంటారు. హాల్లో పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటారు. ఒకసారి తొంగిచూస్తే తెరమీద బొమ్మలేవీ కనబడవు. ఎర్రగా ఒక నిలువు ముక్క, దాని పక్కన నారింజరంగులో బుల్లి పలక, ఇంకో పక్క పసుప్పచ్చగా పొడుగాటి పట్టీ... అంతే.

‘‘ఇదేం ఆటే, లెక్కల పుస్తకంలా ఉందీ?’’ అంటారు మీరు.

‘‘ఆ ఎర్రవాడు థామస్ అమ్మా. ఆ బుల్లివాడు క్రిస్. వాడికి అందరిమీదా చిరాకే’’ అంటుంది మీ అమ్మాయి తెరమీంచి చూపు తిప్పకుండా.

చతురస్రానికి పేరేమిటి, దానికి చిరాకేమిటి అని నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. పది నిమిషాల తర్వాత మంచినీళ్ళు ఇవ్వడానికి వచ్చి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని మీరూ నిలబడిపోతారు. ఆ బుల్లివాడు గోడ ఎక్కుతాడా లేదా అని!

ఆ ఆట పేరు ‘థామస్ వజ్ అలోన్’. థామస్ ఒంటరిగా ఉన్నాడు అని అర్థం. దీన్ని తయారుచేసింది మైక్ బితెల్ అనే ఇంగ్లండ్ యువకుడు. 2010లో 24 గంటల్లో ఒక చిన్న నమూనా తయారుచేసి ఇంటర్‌నెట్‌లో పెట్టాడు. అదే పెరిగి పెద్దదై 2012లో పూర్తి గేమ్‌గా వచ్చింది. తర్వాత తర్వాత దాని అమ్మకాలు పదిలక్షల కాపీలు దాటాయి.

పెద్ద పెద్ద కంపెనీలు వందలమందిని పెట్టి, కోట్లు గుమ్మరించి గేమ్‌లు తీస్తాయి. అలా కాకుండా ఒకరో ఇద్దరో, మహా అయితే పదిమందో కలిసి సొంతంగా చేసుకునే వాటిని ‘ఇండీ గేమ్స్’ అంటారు. హోటలు భోజనానికీ ఇంటి వంటకీ ఉన్నంత తేడా అన్నమాట!

ప్లాట్‌ఫామ్ ఆట అంటే...

పరుగెత్తాలి, ఎగరాలి, అరుగుమీంచి అరుగుమీదకి దూకాలి, గోతుల్లో పడకుండా అవతలికి చేరాలి. ఇదీ ప్లాట్‌ఫామ్ గేమ్ అంటే. మీ పిల్లలు చిన్నప్పుడు టీవీకి తగిలించుకుని ఆడిన మారియో గుర్తుందా? మీసాలవాడు పుట్టగొడుగుల మీద గెంతుతూ ఉంటాడే, అదే!

1985లో వచ్చిన ఆ ‘సూపర్ మారియో బ్రదర్స్’లో రాకుమారి పని ఒక్కటే. ఎక్కడో కోటలో బందీగా ఉండి, ఎవరో వచ్చి విడిపించేదాకా ఎదురుచూడటం. మన జానపద సినిమాల్లో రాకుమారిలాగే! మూడేళ్ళు తిరిగాక, 1988లో అమెరికాలో విడుదలైన ‘సూపర్ మారియో బ్రదర్స్-2’లో ఆ రాకుమారే ఆటలోకి దిగింది. ఆడేవాళ్ళు నలుగురిలో ఎవరినైనా ఎంచుకోవచ్చు. లూయీజీ అందరికన్నా ఎత్తు ఎగురుతాడు. టోడ్ బరువులు చకచకా లేపుతాడు. మారియో అన్నిట్లో మధ్యరకం. రాకుమారి బరువులెత్తడంలో అందరికన్నా వెనక. కానీ ఎగిరాక కాసేపు గాల్లో తేలుతూ పోగలదు. మిగతావాళ్ళు పడిపోయే అగాధాలు ఆవిడ సునాయాసంగా దాటేస్తుంది.

అంటే ఏమైంది? ‘ఎవరు గొప్ప’ అన్న ప్రశ్న పోయి, ‘ఎవరు దేనికి గొప్ప’ అన్న ప్రశ్న వచ్చింది.

1993లో వచ్చిన ‘ది లాస్ట్ వైకింగ్స్’ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో ముగ్గురు. ఒకడు పరుగెత్తి ఎగురుతాడు, ఒకడు కత్తి తిప్పుతాడు, ఇంకొకడి చేతిలో డాలు ఉంటుంది. ఆ డాలు నెత్తిమీద పెట్టుకుని నిలబడితే అదే రెండోవాడికి మెట్టు! ఒకర్ని ఎంచుకుని మిగతావాళ్ళని వదిలేస్తామంటే కుదరదు. ముగ్గురూ ప్రాణాలతో గట్టెక్కితేనే ఆ మజిలీ పూర్తయినట్టు.

తర్వాత 2009లో ఫిన్లండ్ కంపెనీ ఫ్రోజెన్‌బైట్ తీసిన ‘ట్రైన్’లోనూ ముగ్గురే. మాంత్రికుడు, యోధుడు, జోయా అనే దొంగపిల్ల. ఒక్కరే ఆడేటప్పుడు ముగ్గురూ ఒకే శరీరంలో వంతులవారీగా వస్తారు. వెనకబడిపోయే బాధే లేదు! బితెల్ మాత్రం ఆ తేలిక దారి పట్టలేదు. అందర్నీ తెరమీద నిలబెట్టి, అందర్నీ గమ్యం చేర్చే కష్టమే ఎంచుకున్నాడు.

ఏడుగురు, ఏడు తీర్లు

ఒక మనిషి బొమ్మ నడవాలంటే ఎన్నో బొమ్మలు గీయాలి. నడకకి కొన్ని, ఎగరడానికి కొన్ని, కింద పడటానికి కొన్ని. అలాంటివాళ్ళు ఏడుగురుంటే ఒంటిచేత్తో పనిచేసేవాడి గతేం కావాలి? పలకలకైతే ఆ బాధ లేదు. కాళ్ళే లేనివాడికి నడకేమిటి! చిన్నవాళ్ళ ఆటల్లో చాలాసార్లు ఇంతే. లేమి నుంచే ఉపాయం పుడుతుంది.

కథ ప్రకారం వీళ్ళంతా కంప్యూటర్ లోపల ఉండే ప్రోగ్రాములు. అనుకోకుండా వాటికి తెలివి వచ్చేస్తుంది. మొదట థామస్ ఒక్కడే. ఎత్తూ, ఎగరడం అన్నీ మామూలే. తర్వాత క్రిస్ కలుస్తాడు. పొట్టి, ఎత్తు ఎగరలేడు. ఆ లోపాన్ని చిరాకుతో కప్పిపుచ్చుకుంటాడు. ఆ వెనక జాన్. అందరికన్నా పొడుగు, అందరికన్నా ఎత్తు ఎగురుతాడు. నలుగురూ చూసి మెచ్చుకోవాలని తాపత్రయం.

ఇంకాస్త ముందుకెళ్తే క్లెయిర్ వస్తుంది. నీలంరంగు పెద్ద పలక. మెల్లగా కదులుతుంది, ఎత్తు ఎగరలేదు. తను దేనికీ పనికిరానని బాధపడుతూ ఉంటుంది. ఒకరోజు నీళ్ళలో పడితే, ఆశ్చర్యం! మునగలేదు. మిగతావాళ్ళెవరూ నీళ్ళలో బతకరు. క్లెయిర్ తేలుతుంది. అంతే, తనో మహావీరురాలినని నిశ్చయించుకుని అందర్నీ వీపుమీద ఎక్కించుకుని నీళ్ళు దాటిస్తుంది!

లారా గులాబీరంగు అడ్డపట్టీ. ఆమె మీద గెంతితే ఎవరైనా రెట్టింపు ఉత్సాహంతో పైకి లేస్తారు. ‘నామీద గెంతి పైకెళ్ళినవాళ్ళంతా నన్ను వదిలేసి పోయినవాళ్ళే’ అన్నది ఆమె అనుభవం. జేమ్స్‌ది ఇంకో చిత్రం. అందరూ కిందకి పడితే అతను పైకి పడతాడు. కప్పుమీద తలకిందులుగా నడుస్తాడు. అందుకని అందరూ వింతగా చూసి ఏడిపించారట. చివరగా సారా. చిన్నది. గాల్లో ఉండగా ఇంకోసారి ఎగరగలదు. తనంత గొప్పవాళ్ళు లేరని నమ్మకం.

చూశారా? చేసేవాడి కాగితం మీద వీళ్ళంతా నాలుగైదు అంకెలే. వెడల్పింత, ఎత్తింత, ఎగిరేది ఇంత, కదిలే వేగం ఇంత. కిందకి లాగే శక్తిని తలకిందులు చేస్తే జేమ్స్! కానీ ప్రతి అంకె వెనకా ఒక గుణం పెట్టాడు. ఎత్తు ఎగరలేకపోవడం అంకె. దానివల్ల వచ్చిన చిరాకు మనిషి!

వాళ్ళ మాటలు మనకి వినబడవు. ఒక గొంతు మాత్రం కథ చెబుతూ ఉంటుంది. పక్కింటి మావయ్యగారు చెప్పినట్టు నింపాదిగా, కొంచెం కొంటెగా. ఆ గొంతు డానీ వాలెస్ అనే బ్రిటిష్ రచయితది. దానికి 2013లో నటనకిచ్చే బాఫ్టా గేమ్స్ అవార్డు వచ్చింది. మూతి కూడా లేని పలకల కథ చెప్పినందుకు నటన బహుమతి!

అసలు తిప్పలు ఇక్కడున్నాయి

‘ఓస్, ఇంతేనా! ఇంకో నలుగుర్ని చేరిస్తే ఆట ఇంకా బాగుంటుందిగా’ అనిపిస్తుంది. ఇంట్లో చుట్టాలు పెరిగితే వంట ఎంత పెరుగుతుందో తెలిసిన మనకి ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడుగురుంటే ఇద్దరిద్దరి జతలు 21 అవుతాయి. ముగ్గురేసి చొప్పున అయితే 35. ఎవరి పక్కన ఎవరుంటే ఏమవుతుందో చేసేవాడు చూసుకోవాల్సిందే.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. గళ్ళకాగితం తీసుకోండి. పొడుగు అనేవాడు 3 గళ్ళ ఎత్తు ఎగురుతాడు. పొట్టి 1 గడి ఎత్తు ఉంటాడు, 1 గడే ఎగురుతాడు. ఎదురుగా 4 గళ్ళ గోడ. పొడుగు ఒక్కడే ఎక్కలేడు. పొట్టిని మెట్టుగా నిలబెట్టి, వాడిమీంచి ఎగిరితే 1, 3 కలిపి 4. గోడ ఎక్కేశాడు!

మరి పొట్టి? కిందే ఉండిపోయాడు. వాడు ఎగిరేది ఒక్క గడి.

సరిగ్గా ఇక్కడే ఆట చేసేవాడి పనితనం బయటపడుతుంది. గోడ అడుగున ఒక గడి ఎత్తు కన్నం పెడతాడు. దానికి తలుపు. ఆ తలుపు తెరిచే బటన్ గోడపైన. పైకెక్కిన పొడుగు ఆ బటన్ నొక్కితే, కింద పొట్టికి దారి తెరుచుకుంటుంది. ఆ కన్నంలో పొడుగు పట్టడు, పొట్టి మాత్రమే పడతాడు. ఒకరికొకరు ఆసరా. ఇద్దరూ అవతలికి చేరారు!

ఇప్పుడు ఇందులోకి సారా లాంటి అమ్మాయిని తీసుకురండి. 2 గళ్ళు ఎగిరి, గాల్లో ఇంకో 2 గళ్ళు ఎగురుతుంది. మొత్తం 4. ఎవరి సాయం లేకుండా గోడెక్కి బటన్ నొక్కేస్తుంది. మనం కష్టపడి వేసిన చిక్కుముడి సగం ఊడిపోయినట్టే! పోనీ గోడ 5 గళ్ళు చేద్దామా అంటే, మెట్టెక్కినా పొడుగుకి అందదు. ఒక్క కొత్త పాత్ర వస్తే పాత మజిలీలన్నీ మళ్ళీ సరిచూసుకోవాలి. అందుకే ఒక్కొక్కర్నీ తీరిగ్గా పరిచయం చేస్తారు. కొత్తవాళ్ళు రాగానే ముందు ప్రమాదం లేని చోట వాళ్ళ పద్ధతి నేర్పుతారు. అందర్నీ ఎప్పుడూ ఒకేచోట పెట్టరు. కొన్ని మజిలీల్లో ఇద్దరే, కొన్నింట్లో నలుగురు. బితెల్ ఆటలో ఇలాంటి మజిలీలు 100 ఉన్నాయి.

ఇంకో గండం కూడా ఉంది. ఆడేవాళ్ళు తెలియక ముందు ఒకర్ని పంపేసి, రెండోవాళ్ళని గోతిలో వదిలేస్తే? వెనక్కి రాలేరు, ముందుకి పోలేరు. అలాంటి గోతులు కనిపెట్టాలంటే చేసినవాడి కళ్ళు చాలవు. ఆట తెలియనివాళ్ళని కూర్చోబెట్టి, పక్కన నోరు మూసుకుని చూడాలి. ‘అటు కాదు ఇటు’ అని ఒక్కమాట చెప్పినా పరీక్ష పాడైనట్టే. కోడలు మొదటిసారి పులిహోర కలుపుతుంటే అత్తగారు మాట్లాడకుండా చూడటం ఎంత కష్టమో, ఇదీ అంతే!

ఒంటరివాడికి నలుగురి చేయి

బితెల్ అప్పటికి గేమ్ కంపెనీల్లో డిజైనర్‌గా పనిచేస్తున్నాడు. ఈ ఆట మాత్రం తన సొంత సమయంలో చేసుకున్నది. యూనిటీ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటూనే దానితో దీన్ని కట్టాడు. ఆట నిలదొక్కుకున్నాక ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టాడు. 2015లో ‘వాల్యూమ్’ అనే ఇంకో గేమ్ తెచ్చాడు.

పేరులో ఒంటరితనం ఉంది కానీ, ఆయనా పూర్తిగా ఒంటరి కాదు. సంగీతం డేవిడ్ హౌస్‌డెన్ ఇచ్చాడు. గొంతు వాలెస్‌ది. ‘నేను బొమ్మలు వెయ్యలేను’, ‘నాకు పాట కట్టడం రాదు’ అని ఆగిపోకుండా, రానిదాన్ని తప్పించుకునే దారి కొంత, వచ్చినవాళ్ళని అడిగే చొరవ కొంత. ఆయన ఆటలోని పాత్రలు చేసేదీ అదే కదా!

ఆ చివరి గుమ్మం

ఈ ఆటలో అన్నిటికన్నా మనసుకి పట్టేది ఒక చిన్న నియమం. ప్రతి మజిలీ చివరా గుమ్మాలుంటాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి కొలతకే. థామస్ గుమ్మంలో జాన్ పట్టడు, క్రిస్ గుమ్మం క్లెయిర్‌కి చాలదు. అందరూ ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడితేనే ఆట ముందుకి సాగుతుంది. గోడెక్కినవాడు ఎక్కేశాను కదా అని వెళ్ళిపోవడానికి వీల్లేదు. మెట్టుగా నిలబడినవాళ్ళు కూడా రావాల్సిందే!

మనింట్లో ఇలాంటి మెట్లు ఎంతమంది ఉన్నారో ఒక్కసారి ఆలోచించండి. తమ్ముడి ఫీజు కోసం పదో తరగతితో చదువు ఆపేసిన అక్కయ్య. మొగుడి బదిలీలకోసం ఉద్యోగం వదులుకున్న వదిన. పిల్లలు పెద్దయ్యేదాకా అని కుట్టుమిషన్ మూలన పెట్టి, పిల్లలు పెద్దయ్యాక కూడా అది తెరవని అమ్మ. వాళ్ళమీద కాలుపెట్టి ఎక్కినవాళ్ళంతా చెడ్డవాళ్ళు కారు. ‘అక్క లేకపోతే నేను లేను’ అని పెళ్ళిళ్ళలో నలుగురిముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు కూడా. కానీ పైకెక్కాక అక్కకోసం ఆ బటన్ నొక్కింది ఎందరు?

పొగడ్త వేరు, దారి వేరు. లారాని ‘నువ్వు చాలా మంచిదానివి’ అని పొగిడితే ఆమె గుమ్మం చేరదు. ఎవరో ఒకరు ఆగి, వెనక్కి చూసి, ఆమెకి సరిపోయే దారి తెరవాలి. అందుకే ఇలాంటి ఆట కట్టేవాడు ‘పైకెక్కేవాడు ఎలా ఎక్కుతాడు’ అని ఒక్కటే అడిగి ఊరుకోడు. ‘మెట్టుగా నిలబడినవాళ్ళు ఎలా వస్తారు’ అని కూడా అడుగుతాడు. రెండో ప్రశ్నకి జవాబు దొరక్కపోతే ఆ మజిలీ చెరిపేసి మళ్ళీ గీస్తాడు. ఇంటికి ఆ నియమం ఎవరు రాయాలి?

కథ చివర ఏమవుతుందో చెప్పను. మీరే పిల్లల పక్కన కూర్చుని చూడండి. అన్నట్టు, చిరాకుల క్రిస్ మనసు కరిగేది లారాని చూశాకే!

మీ అమ్మాయికి ఇష్టమైతే...

* ముందు కంప్యూటర్ వద్దు. గళ్ళకాగితం, అట్టముక్కలు చాలు. ఇద్దరు పాత్రల్ని కత్తిరించి, ఎవరు ఎన్ని గళ్ళు ఎగురుతారో రాసుకోమనండి. గోడ, కన్నం, గుమ్మాలు గీయించండి.

* రెండు పాత్రలతో అయిదు మజిలీలు బాగా కుదిరాకే మూడో పాత్ర జోలికి వెళ్ళాలి. మొదట్లోనే ఏడుగుర్ని పెట్టుకుంటే ఏదీ పూర్తికాదు.

* పాత్రకి ఒకటి వచ్చి, ఒకటి రాకూడదు. అన్నీ వచ్చినవాడుంటే మిగతావాళ్ళని ఎవరూ ఆడరు.

* చిన్నపిల్లలకి స్క్రాచ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టింది, 2007 నుంచి అందుబాటులో ఉంది. ముక్కల్ని పేర్చినట్టే ప్రోగ్రాం రాయొచ్చు. పెద్దపిల్లలకి గోడో ఉంది. రెండూ ఉచితమే.

* ఆట తయారయ్యాక మొదట ఆడాల్సింది మీరే! ‘నాకు రాదులే’ అనకండి. ఆట తెలియనివాళ్ళు ఎక్కడ తడబడతారో చూడటమే దానికి కావాలి. మీరు చిక్కుకుపోతే తప్పు మీది కాదు, గోడ కట్టినవాళ్ళది. ఆ మాట మీ అమ్మాయి నోటితోనే అనిపించుకోండి. మిగతాచోట్ల కూడా పనికొస్తుంది!